కడప ఫ్లైట్ రివ్యూ: ఉన్నరోజు గంటలో ఊర్లో, లేనిరోజు వెంకటాద్రి రైలే దిక్కు

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడు. విమానానికి నాలుగున్నర, టైంటేబుల్‌కి ఒకటిన్నర, రెండూ కూడి సగం చేస్తే అదే వస్తుంది. ఓపికుంటే మిగతాది చదవండి, లేకపోతే విషయం ఇంతే.

నేనుండేది హైదరాబాద్ మియాపూర్‌లో, ఊరేమో కడప పక్కన. 2017 నుంచి ఇప్పటిదాకా శంషాబాద్ - కడప ఫ్లైట్ పోనూ రానూ కలిపి ఒక పన్నెండు సార్లు ఎక్కుంటా. ఒకసారి ఎక్కి కిటికీలోంచి ఫొటో తీసి సూపర్ అని రాసే బాపతు కాదు ఇది. ఈ మధ్యలో కంపెనీలు మారాయి, టైములు మారాయి, వారానికి ఎన్ని రోజులు అనేది ఎన్నిసార్లు మారిందో నాకే గుర్తులేదు. కింద నేను తిట్టబోయే సంగతి ఏ కంపెనీదో ఏ సంవత్సరందో చెప్పను, అడగొద్దు, ఆ ప్లేస్‌లో ఇంకో కంపెనీ ఉన్నా దాదాపు అదే జరిగేది అని నాకు తర్వాత అర్థమైంది కాబట్టి.

కొంచెం పాత కథ చెప్పాలి. 2015 జూన్‌లో కడప ఎయిర్‌పోర్ట్ మళ్ళీ తెరిచారు, బెంగళూరుకి ఒక చిన్న విమానం తిరిగింది, మేమంతా ఇంక మనూరు మారిపోయింది అనుకున్నాం, ఏడాది తిరిగేసరికి ఆ కంపెనీయే ఆగిపోయింది. తర్వాత 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ స్కీం మొదలుపెట్టారు కదా, ఆరోజు సిమ్లా - ఢిల్లీతో పాటే కడప - హైదరాబాద్, నాందేడ్ - హైదరాబాద్ ఫ్లైట్లకి కూడా అక్కడి నుంచే జెండా ఊపారు. అంటే చిన్న ఊళ్ళకి విమానం అనే స్కీం పుట్టినరోజు ఫొటోలో మా ఊరు కూడా ఉందన్నమాట. కడప పేరు పేపర్లో ఒక మంచి విషయానికి వచ్చిందని మా నాయన ఆ పేజీ కత్తిరించి బీరువాలో పెట్టాడు, ఇప్పటికీ ఉంది, పసుపు పట్టిపోయింది. అప్పుడు నడిపింది మన హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్. 2022 ఫిబ్రవరిలో అది కూడా ఆగిపోయింది, తర్వాత ఇంకో కంపెనీ వచ్చింది. ఈ ఆగిపోయింది అనే మాట ఈ రివ్యూలో చాలాసార్లు వస్తుంది, ముందే సారీ.

సరే విమానం సంగతి. మాయమ్మని తీసుకొచ్చినప్పటి ట్రిప్ చెప్తే మీకు మొత్తం అర్థమవుతుంది. ఆమెకి మోకాళ్ళ నొప్పులు, బస్సులో ఎనిమిది తొమ్మిది గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చోలేదు, ట్రైన్లో పై బెర్త్ వస్తే ఎక్కలేదు, డాక్టర్‌కి చూపించాలి, అందుకని మొదటిసారి ఫ్లైట్ బుక్ చేశాను. హవాయి చెప్పులేసుకునే మనిషి కూడా హవాయి జహాజ్ ఎక్కాలి అని స్కీం పెట్టినప్పుడు అన్నారు కదా, మాయమ్మ నిజంగానే హవాయి చెప్పులతోనే వచ్చింది, నేను కొనిచ్చిన శాండల్స్ సంచిలో పెట్టుకుని. అరిగిపోతాయంట.

కడప ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో ఆపారు. చేతిసంచిలో కారంపొడి డబ్బా, ఇంకో సీసాలో గోంగూర పచ్చడి, పైన నూనె తేలుతా ఉంది. క్యాబిన్‌లోకి కారంపొడి రానివ్వరు, అది నాకు తెలుసు కానీ సంచి నేను సర్దలేదు. అక్కడున్నాయన కోప్పడలేదు, పెద్దమ్మా ఇది చేతిలో తీసుకుపోకూడదు, వెనక్కి పోయి పెద్ద బ్యాగులో వేయించుకోండి అన్నాడు. శంషాబాద్ అయితే ఆ డబ్బా అక్కడే చెత్తబుట్టలో పడేసి వచ్చేవాళ్ళం, వెనక్కి పోయి మళ్ళీ లైన్లో నిలబడేసరికి గేటు మూస్తారు. ఇక్కడ కౌంటర్ నుంచి సెక్యూరిటీకి నలభై యాభై అడుగులు ఉంటుందేమో, ఐదు నిమిషాల్లో బ్యాగు తెప్పించి, జిప్ తీసి, డబ్బా చీర మడతలో పెట్టి, మళ్ళీ లోపలికి. చిన్న ఎయిర్‌పోర్ట్ వల్ల లాభం ఏంటి అని ఎవరైనా అడిగితే నేను ఈ కారంపొడి కథే చెప్తా. కడపలో దిగినప్పుడు కూడా అంతే, విమానం దగ్గర్నుంచి నడుచుకుంటూ బిల్డింగ్‌లోకి రావడమే, బ్యాగుల కోసం కిలోమీటర్ నడవాల్సిన పనిలేదు, బయట మా తమ్ముడు బండి పెట్టుకుని కనిపిస్తూనే ఉంటాడు.

విమానం చూడగానే మాయమ్మ అన్న మాట, "ఏందిరా ఇది, బస్సుకి రెక్కలు కట్టినట్టుంది". తప్పేం లేదు. ఏటీఆర్ 72 అంటే అదే, డెబ్భై పైచిలుకు సీట్లు, అటు రెండు ఇటు రెండు, రెక్కలు కిటికీలకి పైన ఉంటాయి, రెండు పక్కలా ఆరు రెక్కల పంకా. వెనకనుంచి ఎక్కాలి, మెట్లు కూడా తక్కువే, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అదొక వరం. ఫస్ట్ టైం ఎక్కేవాళ్ళకి రెండు మూడు ముక్కలు. ముందు సీటు తీసుకుంటే ముందు దిగిపోవచ్చు అనుకుంటారు, ఇందులో ఉల్టా, తలుపు వెనక ఉంది కాబట్టి ముందు సీటోళ్ళు ఆఖర్న దిగుతారు. పంకాలు ముందు సగంలో ఉంటాయి, అక్కడ కూర్చుంటే గిర్రుమని ఒకటే మోత, చెవి పక్కన గ్రైండర్ పెట్టినట్టు, వెనక సీట్లలో ఆ గోల బాగా తక్కువ. పైన సామాన్ల అర చిన్నది, పెద్ద విమానంలో ఈజీగా పట్టే ట్రాలీ బ్యాగు ఇందులో పట్టదు, మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు, దిగాక ఇస్తారు, కాబట్టి ల్యాప్‌టాప్, మందులు, బంగారం ఏదైనా ఉంటే విడిగా చిన్న సంచిలో పెట్టుకోండి. ఒక్కోసారి బరువు బ్యాలెన్స్ కోసం మిమ్మల్ని ఇంకో సీట్లో కూర్చోమంటారు, గొడవపడకండి, చిన్న విమానంలో అది మామూలే.

కిటికీ సీటు మాత్రం వదలొద్దు. ఇది పెద్ద జెట్టంత ఎత్తుకి పోదు, రెక్క పైన ఉంటుంది కాబట్టి కిందకి అడ్డం ఏమీ ఉండదు, కడప పోయేటప్పుడు ఎడమపక్క కూర్చుంటే, మబ్బు లేకపోతే, శ్రీశైలం వైపు కృష్ణ నీళ్ళు, తర్వాత నల్లమల మొత్తం పచ్చగా మడతలు మడతలుగా కనిపిస్తుంది. నేను ఇరవై ఏళ్ళుగా ఈ దారిలో బస్సులో రాత్రిపూట నిద్రపోతూ తిరిగిన మనిషిని, మా ఊరికీ హైదరాబాద్‌కీ మధ్య ఏముందో పగటిపూట చూసింది విమానంలోనే. దిగేముందు మధ్య సీట్లలో ఉంటే చక్రాలు పొట్టలోంచి బయటికి రావడం కళ్ళముందే కనిపిస్తుంది, ఠక్కుమని శబ్దం వస్తుంది, మాయమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఏదో ఊడిపోయిందనుకుంది పాపం. చక్రం నేలకి తగలగానే పొగ లేచింది, అది చూసి నవ్వింది. అందుకే విమానానికి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే ఎండాకాలం మధ్యాహ్నం ఫ్లైట్‌లో కుదుపులు మామూలుగా ఉండవు, కిందుగా పోతుంది కదా వేడిగాలి మొత్తం దీనికే తగులుతుంది, అన్నం తిని ఎక్కకండి.

ఇప్పుడు టైం లెక్క. గాల్లో దూరం మూడొందల కిలోమీటర్లు, రోడ్డు మీద నాలుగొందలు దాటుతుంది. ఫ్లైట్ గంట. కానీ మియాపూర్ నుంచి శంషాబాద్ గంటంపావు, గంటన్నర ముందు పోవాలి, అక్కడ దిగాక ఇంటికి అరగంట, మొత్తం నాలుగు గంటలు పైనే. బస్సుకైతే తొమ్మిది గంటలు, కానీ రాత్రి భోంచేసి ఎక్కి పడుకుంటే తెల్లారి ఊర్లో ఉంటాం, రోజు పోదు, సెలవు పెట్టక్కర్లేదు. కాచిగూడలో వెంకటాద్రి ఎక్కినా అంతే. అంటే ఈ విమానానికి పోటీ బస్సు స్పీడ్ కాదు, స్లీపర్ బెర్త్‌లో నిద్ర. ఈ విషయం టికెట్ రేట్లు ఆలోచించేవాళ్ళకి తట్టిందో లేదో నాకు డౌటు. హైదరాబాద్ కన్నా నన్నడిగితే కడప నుంచి వైజాగ్ ఫ్లైటే ఎక్కువ అవసరం, అది రాత్రి నిద్రలో అయిపోయే దూరం కాదు, రాష్ట్రం ఈ చివర్నుంచి ఆ చివరికి.

డబ్బుల సంగతి చాలామందికి కన్ఫ్యూజన్ ఉంది. ఉడాన్ అంటే 2,500 కదా నాకు ఐదు వేలు ఎందుకు చూపిస్తోంది, మోసం అని కామెంట్లు పెడతారు. మోసం కాదు. స్కీం పెట్టినప్పుడు సుమారు గంట ప్రయాణానికి 2,500 సీలింగ్ పెట్టారు, అది కూడా విమానంలో దాదాపు సగం సీట్లకే, మిగతా సగం కంపెనీ ఇష్టం. ఆ సగం సీట్లు తక్కువకి అమ్మినందుకు వచ్చే నష్టం గవర్నమెంట్ పూడుస్తుంది, దాన్నే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటారు, అందులో ఎనభై శాతం సెంటర్ వైపు నుంచి, ఇరవై శాతం రాష్ట్రం. సెంటర్ వైపు డబ్బు ఎక్కడిదంటే పెద్ద రూట్లలో తిరిగే ప్రతి ఫ్లైట్ మీద ఒక లెవీ వేస్తారు, అంటే మీరు హైదరాబాద్ - ఢిల్లీ ఎక్కినప్పుడల్లా మా కడప టికెట్‌కి మీకు తెలియకుండా ఒక చెయ్యి వేస్తున్నారు, థాంక్స్. ఇది కాక చిన్న ఎయిర్‌పోర్టుల్లో ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు ఉండవు, అక్కడ పోసుకునే విమానం ఇంధనం మీద రాష్ట్రం వ్యాట్ ఒక శాతానికి తగ్గించాలి, పోలీసు, ఫైరింజన్ ఖర్చు రాష్ట్రానిదే.

అసలు మెలిక ఎక్కడుందంటే, ఈ డబ్బు మూడేళ్ళే. మూడేళ్ళు అయ్యాక నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు అంటారు. కడప - హైదరాబాద్ 2017లో మొదలైంది కాబట్టి లెక్క మీరే వేసుకోండి. అందుకే ఇప్పుడు మీకు కనిపించే రేటు మామూలు మార్కెట్ రేటు, ముందుగా చూసుకుంటే ఏసీ బస్సు కంటే కొంచెం ఎక్కువలో దొరుకుతుంది, నాకు ఒకసారి రెండు వేల లోపే దొరికింది, అదే సంక్రాంతికి ముందు రోజు చూస్తే ఆరు వేలు దాటేసింది. ఆరు వేలకి మా ఇంట్లో నలుగురం కారేసుకుని పోయి రావచ్చు. మియాపూర్ నుంచి శంషాబాద్‌కి క్యాబ్ ఖర్చు కూడా కలుపుకోండి, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. పుష్పక్ బస్సు ఎక్కండి, తక్కువలో అయిపోతుంది.

ఇక ఒకటిన్నర ఎందుకిచ్చానో చెప్తా.

మా చిన్నాన్న కూతురి నిశ్చితార్థం, పదిన్నరకి ముహూర్తం కాదు గానీ మధ్యాహ్నం లోపు పోవాలి, పొద్దున ఫ్లైట్ బుక్ చేసుకున్నాను, రాత్రి బస్సు ఎందుకులే ఆఫీసు పని ఉంది అని. పొద్దున నాలుగింటికి లేచి స్నానం చేసి పట్టుపంచె బ్యాగులో పెట్టుకుని క్యాబ్ ఎక్కాను, గచ్చిబౌలి దాటి ఔటర్ ఎక్కుతుంటే మెసేజ్ వచ్చింది, ఆపరేషనల్ రీజన్స్ వల్ల మీ ఫ్లైట్ రద్దయింది, అసౌకర్యానికి చింతిస్తున్నాం. క్యాబ్ డ్రైవర్‌ని పక్కన ఆపమన్నాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు పాట వినిపించి, ఒకమ్మాయి చాలా మర్యాదగా, సార్ మీకు ఉచితంగా తర్వాతి ఫ్లైట్‌కి మార్చగలం అంది. తర్వాతి ఫ్లైట్ ఎప్పుడమ్మా అంటే ఎల్లుండి. రోజూ లేదు కదా మరి. నిశ్చితార్థం ఎల్లుండికి మార్చమని వియ్యంకులకి చెప్పాలా ఏంది. అదే క్యాబ్ డ్రైవర్‌ని బతిమాలి, అతను వాళ్ళ ఓనర్‌తో మాట్లాడి, కడపకి రేటు మాట్లాడుకుని కర్నూలు మీదుగా పోయాం, మూడు దాటాక చేరాను, భోజనాలు అయిపోయి ఆకులు తీస్తున్నారు. టికెట్ డబ్బులు పది రోజులకి వెనక్కి వచ్చాయి, క్యాబ్ డబ్బులు ఎవరిస్తారు.

తర్వాత తెలిసిందేంటంటే, దీనికి డీజీసీఏ, అంటే విమానాలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, వాళ్ళ రూలు ఉంది. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే, వాతావరణం లాంటి కంపెనీ చేతిలో లేని కారణం కాకపోతే, గంట లోపు ఫ్లైట్‌కి ఐదు వేలు, లేదా బేసిక్ ఫేర్ ప్లస్ ఫ్యూయల్ చార్జీ, రెండిట్లో ఏది తక్కువైతే అది నష్టపరిహారం ఇవ్వాలి, టికెట్ రీఫండ్ కాకుండా. నాకు అప్పుడు తెలియదు, అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. మీరు అడగండి. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఏ టైంకి వచ్చిందో కనపడాలి.

కోపం తగ్గాక నాకొక డౌటు వచ్చింది, అసలు ఈ చిన్న ఫ్లైట్లే ఎందుకిలా మాటిమాటికీ పోతాయి అని. ఏవియేషన్‌లో పనిచేసే ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడు చెప్పింది వింటే సగం కోపం పోయింది, సగం పెరిగింది. పెద్ద సిటీల మధ్య రోజుకి ఇరవై ఫ్లైట్లుంటే ఒకటి పోయినా మిగతావాటిలో సర్దుతారు, ఇక్కడ ఉన్నదే ఒకటి. ఆ ఒక్క విమానం మన కోసమే నిద్రలేవదు, పొద్దున ఇంకెక్కడో ఒక ఊరు పోయి వచ్చి, మన ఊరు పోయి, ఇంకో ఊరు పోవాలి, పొద్దున మొదటి ఊర్లో మంచు పడితే సాయంత్రం చివరి ఊరి దాకా ఆ దెబ్బ తగులుతుంది. చిన్న ఎయిర్‌పోర్టుల్లో చాలాచోట్ల ఐఎల్ఎస్ ఉండదు, అంటే మసకగా ఉన్నప్పుడు రన్‌వే మీదకి దారి చూపే సిస్టం, అది లేకపోతే పైలట్‌కి కంటికి బాగా కనపడితేనే దిగాలి. కొన్నిచోట్ల రాత్రి దిగే లైట్లు ఉండవు, కాబట్టి లేటయితే ఇంక ఆరోజుకి అంతే, చీకటి పడ్డాక రాలేరు. ఇంక నాలుగైదు విమానాలే ఉన్న కంపెనీ అయితే ఒక ఇంజన్ రిపేర్‌కి వస్తే నాలుగు ఊళ్ళు మ్యాప్‌లోంచి పోతాయి.

ఇదేదో మా కడప కష్టం అనుకున్నా, కాదు, దేశమంతా ఇదే. ఉడాన్ మొదటి విడతలో 128 రూట్లు ఐదు కంపెనీలకి ఇస్తే, అందులో 84 రూట్లు రెండు చిన్న కంపెనీలకే పోయాయి, పద్దెనిమిది పంతొమ్మిది సీట్ల విమానాలతో తిప్పుతామని, అవి ఎక్కువ కాలం నిలబడలేదు. 2023లో కాగ్, అంటే గవర్నమెంట్ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే సంస్థ, దాని రిపోర్ట్ వచ్చింది, అది చదివితే మతిపోయింది. మూడో విడత దాకా ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళు పూర్తి చేసినవి 112. ఆ మూడేళ్ళ తర్వాత, అంటే డబ్బు ఆగాక కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ఏడు వందల డెబ్భై నాలుగుకి యాభై నాలుగు. మా పదో తరగతి లెక్కల్లో కూడా నాకు ఇంతకన్నా మంచి మార్కులే వచ్చాయి.

నడిచినవి కూడా ఉన్నాయి, అన్నీ ఏడుపే కాదు. బీహార్‌లో దర్భంగా చూడండి, 2020 నవంబర్‌లో మొదలైంది, ఢిల్లీకీ ముంబైకీ బెంగళూరుకీ పెద్ద జెట్లే పోతాయి, జనం కిటకిట, ఎందుకంటే అక్కడివాళ్ళంతా ఆ సిటీల్లోనే పనిచేస్తారు, ట్రైన్లో పోవాలంటే ఒకటి రెండు రోజులు. అదే సిక్కింలో పాక్యాంగ్, 2018లో ఎంత అందమైన ఎయిర్‌పోర్ట్ అని అందరం ఫొటోలు షేర్ చేశాం, కొండ మీద ఉంది, మబ్బు దిగితే ఫ్లైట్ రాదు, సర్వీసులు వస్తూ ఆగుతూ ఉన్నాయి. కర్నూలు దగ్గర మన ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ కూడా అంతే లెక్క, 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టి తెరిచారు, బెంగళూరు, చెన్నై, వైజాగ్‌కి మొదలయ్యాయి. అందులో వైజాగ్ ఫ్లైట్ అంటే నాకు ప్రాణం, కర్నూలు నుంచి వైజాగ్ రోడ్డు మీద పోయినవాడికే దాని విలువ తెలుస్తుంది. బెంగళూరు అంటారా, నేషనల్ హైవే పక్కనే పెట్టుకుని ఎవడెక్కుతాడు.

అమెరికాలో 1978 నుంచి ఇలాంటి స్కీమే ఒకటి ఉంది, చిన్న ఊళ్ళకి ఫ్లైట్లు ఆగకుండా గవర్నమెంట్ డబ్బిస్తుంది, మూడేళ్ళకి కాళ్ళ మీద నిలబడు అనే మాట అందులో లేదు, నలభై ఏళ్ళు దాటినా ఇస్తూనే ఉన్నారు. అది దండగ అని అక్కడ తిట్టేవాళ్ళూ ఉన్నారు. నేను అదే చెయ్యమనట్లేదు, కానీ పల్లెవెలుగు బస్సు మూడేళ్ళలో లాభాల్లోకి రాకపోతే ఆపేస్తాం అని ఆర్టీసీ అంటుందా? రోడ్డు వేసినప్పుడు మూడేళ్ళలో డబ్బులు రావాలని అడుగుతామా? ఎయిర్‌పోర్ట్‌కి కోట్లు పోసి టెర్మినల్ కడతారు, ఏసీలు పెడతారు, గోడ మీద బొమ్మలు వేస్తారు, రోజూ ఒక ఫ్లైట్ గ్యారంటీగా వచ్చేలా చెయ్యడానికి మాత్రం డబ్బుండదు. బిల్డింగ్ ముందు రిబ్బన్ కత్తిరించొచ్చు, టైంకి వచ్చిన ఫ్లైట్ ముందు ఏం కత్తిరిస్తారు.

వరంగల్ ఫ్రెండ్స్‌కి ఒక మాట. 2025 ఫిబ్రవరిలో మామునూరుకి ఓకే వచ్చినప్పుడు మా ఆఫీస్ గ్రూపులో స్వీట్లు పంచారు, నాకూ సంతోషమే, నిజాం కాలం ఎయిర్‌పోర్ట్ అది, 1981 నుంచి మూసే ఉంది, శంషాబాద్‌కి 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్ట్ రాకూడదనే కండిషన్ అడ్డం ఉండేది, అది సడలించారు. అదే నెల బడ్జెట్లో వచ్చే పదేళ్ళలో 120 కొత్త ఊళ్ళకి ఉడాన్ పెంచుతామని కూడా చెప్పారు. మంచిదే. మీ ఎమ్మెల్యే కనపడితే రన్‌వే ఎప్పుడు సార్ అని ఒక్కటే అడగకండి, వారానికి ఎన్ని రోజులు, ఎన్నేళ్ళు, ఏ ఊరికి అని అడగండి. వరంగల్ నుంచి హైదరాబాద్‌కి విమానం పెడితే ఎక్కేవాడుండడు, తిరుపతికో ముంబైకో పెడితే నేను కూడా ఒకసారి అక్కడి నుంచి ఎక్కుతా.

మళ్ళీ కడప కొస్తే, ఎవరెక్కొచ్చు అంటే, పెద్దవాళ్ళు, పసిపిల్లలున్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు, కళ్ళు మూసుకుని ఎక్కండి, ఆ గంట ప్రయాణం ఆ తొమ్మిది గంటలతో పోలిస్తే స్వర్గం. రోజు అటూ ఇటూ అయినా ఫరవాలేదు అనుకునేవాళ్ళు ఎక్కండి. పెళ్ళి, పరీక్ష, ఇంటర్వ్యూ, కోర్టు వాయిదా, ఇలాంటివి ఉంటే ముందు రోజు ఫ్లైట్ ఎక్కండి లేదా బస్సే మేలు. బుక్ చేసేముందు ఆ తర్వాతి ఫ్లైట్ ఎప్పుడుందో కూడా చూసుకోండి, ఎల్లుండి అని ఉంటే ఆలోచించండి. కనెక్టింగ్ ఫ్లైట్ ఉంటే రెండూ ఒకే టికెట్ మీద తీసుకోండి, విడివిడిగా తీసుకుని ఇది లేటయితే అది పోతుంది, ఎవడూ బాధ్యత తీసుకోడు. కడప బదులు రేణిగుంటలో, అంటే తిరుపతి ఎయిర్‌పోర్ట్‌లో దిగి రోడ్డు మీద రావడం కూడా ఒక దారి, రెండున్నర మూడు గంటలు పడుతుంది కానీ అక్కడ ఫ్లైట్లు ఎక్కువ.

మాయమ్మకి ఇప్పుడు అలవాటైపోయింది, ఫోన్ చేస్తే ఎప్పుడొస్తావ్ అని అడగదు, "ఈ వారం ఉందంటనా అది" అని అడుగుతుంది. వచ్చే సంక్రాంతికి ఫ్లైట్ టికెట్ ఒకటి తీసిపెట్టా, రేటు పెరగకముందే. వెంకటాద్రిలో కూడా ఒక బెర్త్ తీసిపెట్టా, రిజర్వేషన్ తెరిచిన రోజే. ముందు రోజు సాయంత్రం దాకా చూసి రెండిట్లో ఒకటి క్యాన్సిల్ చేస్తా.